‘టక్’మంటే సెల్ఫ్ పోయినట్టేనా? ఆ మెసేజ్‌లో ఏది ఎంత నిజం

పాత డీజిల్ జీపులున్నవాళ్ల మధ్య ఈమధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: తాళం తిప్పితే ‘టక్’ అని ఊరుకుందంటే సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటార్) పోయినట్టే. లైట్లు బాగా వెలుగుతుంటే బ్యాటరీని చూడక్కర్లేదు. దారిలో ఆగిపోతే సుత్తితో కొట్టండి, కాకపోతే స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయండి, అదీ కాకపోతే తోసుకోండి. ఇంటికొచ్చాక రిపేర్ల జోలికి పోకుండా కొత్త సెల్ఫ్ వేయించేయండి.

వీటిలో కొన్ని డబ్బు దండగ మాటలు. ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి జీపులు నడుపుకుని బతికేవాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

ముందు ఆ ‘టక్’ సంగతి. అది మోటార్ చేసే చప్పుడు కాదు. మోటార్ పక్కనే అంటుకుని ఉండే సోలినాయిడ్ అనే కరెంటు స్విచ్ చేసేది. లోపలి ఇనుప కడ్డీ వెనక్కి లాగబడి, రెండు రాగి బిళ్లలను కలిపినప్పుడు వచ్చే చప్పుడది. దానికి కొద్దిపాటి కరెంటు చాలు. డీజిల్ ఇంజన్‌ని తిప్పాలంటే మాత్రం 200 ఆంపియర్ల పైమాటే. ‘టక్’ వచ్చి ఇంజన్ తిరగలేదంటే ఆ పెద్ద కరెంటు ఎక్కడో ఆగుతోందని అర్థం. ఆగేది బ్యాటరీ దగ్గర కావచ్చు, కేబుల్‌లో కావచ్చు, రాగి బిళ్లల దగ్గరో, మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల దగ్గరో కావచ్చు. ఒక్క చప్పుడు విని మోటార్ మీద నేరం మోపడం న్యాయం కాదు.

మా జీపుకి రెండేళ్ల కిందట ఇదే జరిగింది. విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రపు గాలి నేరుగా తగిలేచోట పెడతాం దాన్ని. ఒకరోజు పొద్దున్నే ‘టక్’ అంది, అంతే. ఒక మెకానిక్ వచ్చి చూసి, సెల్ఫ్ మార్చాలన్నాడు. మనసొప్పక ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాను. ఏళ్ల తరబడి సెల్ఫులు, ఆల్టర్నేటర్లు విప్పుతున్న మనిషి. ఆయన సెల్ఫ్ వైపు చూడనైనా లేదు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండో తీగ ఇంజన్ దిమ్మ మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. 6 వోల్టులు చూపించింది. అక్కడ 0.3 దాటకూడదు. అంటే బ్యాటరీ ఇస్తున్నదాంట్లో సగం, బ్యాటరీ మైనస్‌ని బండి ఇనుముకి కలిపే ఎర్త్ తీగలోనే పోతోంది. దాన్ని ఊడదీసి, పైతొడుగు బ్లేడుతో చీల్చి, చేత్తో వంచాడు. చిలుము పొడిపొడిగా నేల మీద రాలింది. పైకి నల్లగా నిగనిగలాడుతున్న కేబుల్ లోపల సగం పోగులు తెగిపోయి ఉన్నాయి.

“మోటారుకి కూడు అందకపోతే అదేటి చేస్తాది బాబూ” అన్నాడు. కొత్త ఎర్త్ కేబుల్ వేసి, ఛాసిస్ దగ్గర తుప్పు గీకి బిగించాడు. అదే పాత సెల్ఫ్ ఇప్పటికీ పనిచేస్తోంది. విశాఖలో బండి ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఈ ఎర్త్ తీగనే అని నా గట్టి నమ్మకం.

లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగుందనడం ఇంకా పెద్ద పొరపాటు. రెండు హెడ్‌లైట్లకీ కలిపి 10 ఆంపియర్లు చాలు. చావుకి దగ్గరపడ్డ బ్యాటరీ కూడా అంత ఇస్తుంది. అయితే అవే లైట్లు మీకు మంచి పరీక్ష. వాటిని వేసి ఉంచి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా నీరసించి ‘టకటకటక’ అని వస్తే బ్యాటరీ గానీ దాని టెర్మినల్స్ గానీ తేడా. లైట్లు చెక్కుచెదరకుండా ఉండి ఒక్క ‘టక్’ వస్తే కేబుల్, సోలినాయిడ్ బిళ్లలు, కార్బన్లు ఈ వరసలో చూడాలి. చప్పుడే లేకపోతే తాళం నుంచి సోలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు, తాళం స్విచ్ చూడాలి. మీటర్ ఉంటే ఇంకా మంచిది: ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కి తగ్గకుండా ఉండాలి.

సుత్తి సంగతిలో కొంత నిజముంది. అరిగిన కార్బన్ ఇరుక్కుపోతే చిన్న దెబ్బకి కదిలి ఒకటి రెండుసార్లు పట్టుకుంటుంది. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయం మాత్రమే, రిపేరు కాదు. లోపల అయస్కాంతాలుండే రకం మోటార్ అయితే గట్టి దెబ్బకి అవి పగులుతాయి.

స్క్రూడ్రైవర్ దగ్గర మాత్రం దయచేసి ఆగండి. షార్ట్ చేయడమంటే తాళంతో పనిలేకుండా స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్‌కి నేరుగా కరెంటు ఇవ్వడం. పాత జీపుల్లో ఇంజన్ ఆపడానికి లాగే కేబుల్ ఉంటుంది. అలాంటి వాటికి తాళంతో పనిలేదు. తాళం మీ జేబులో ఉన్నా సరే, సెల్ఫ్ తిరిగితే ఇంజన్ అందుకుంటుంది. బండి గేర్‌లో ఉంటే కింద పడుకుని షార్ట్ చేసే మనిషి మీదికే కదులుతుంది. ‘ఫోర్ వీల్ లో-రేంజ్’ (నాలుగు చక్రాలకీ ఎక్కువ బలమిచ్చే నెమ్మది గేరు) వేసి ఉంటే ఇంకా తేలిగ్గా కదులుతుంది, ఆ బలానికి చక్రం కింద రాయి కూడా ఆగదు. ఇంట్లోవాళ్లకి మీరు కావాలి. ఆ పని చేయకండి.

తోసి స్టార్ట్ చేయడం చదును నేల మీద, అవసరానికి, సరే. అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో పల్లానికి వదిలి గేర్ వేద్దామనుకోవడం వేరు. ఇంజన్ తిరగకపోతే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఉండదు. రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగిసిపోతుంది. మలుపులో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇక కొత్త సెల్ఫ్. కార్బన్లు, బుష్‌లు, బెండిక్స్ (సెల్ఫ్ పళ్లచక్రాన్ని ఇంజన్‌కి తగిలించే భాగం), సోలినాయిడ్ అన్నీ విడిగా దొరుకుతాయి, గంటల్లో మార్చేస్తారు. ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే తీగచుట్ల భాగం) కాలిపోయినప్పుడు కొత్తది కొనడంలో అర్థముంది. కానీ కొనేముందు ఒకటి చూడండి. ఇంజన్ తిరగకుండా ‘గర్ర్’మని పళ్లు రాసుకునే చప్పుడు ఒక్కోసారి మాత్రమే వస్తోందా? తాళం తీసేసి, స్టాప్ కేబుల్ లాగి ఉంచి, టాప్ గేర్‌లో పెట్టి బండిని కొద్దిగా ముందుకు తోయండి. మళ్లీ న్యూట్రల్ చేసి సెల్ఫ్ కొట్టండి. ఈసారి పట్టుకుంటే అరిగింది ఫ్లైవీల్ రింగ్ పళ్లు, అంటే సెల్ఫ్ పట్టుకుని తిప్పే ఇంజన్ చక్రం చుట్టూ ఉండే పళ్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది కాబట్టి పళ్లు అక్కడే అరుగుతాయి. ఆ రింగ్ మార్చకుండా కొత్త సెల్ఫ్ బిగిస్తే, దాని పళ్లను కూడా అది తినేస్తుంది.