తుప్పు పెదనాన్న

మా పెదనాన్న ముప్పై ఏళ్లు ఓడలకు తుప్పు గోకి రంగు వేసే పనిలో ఉండి రిటైరయ్యారు. పని మానింది కానీ చెయ్యి మానలేదు. పెళ్లికెళితే మండపం స్తంభం గోకుతారు, బస్సెక్కితే కిటికీ ఊచ గోకుతారు. అలాంటి మనిషిని విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపిస్తానని తీసుకెళ్లడం, షుగరున్నవాణ్ణి మిఠాయి కొట్లో కూర్చోబెట్టడమే. తెలిసే తీసుకెళ్లాను.

బయట నిలబడి తొంభై ఒక్క మీటర్ల పొడవునా చూశారు. "నీళ్లలో ఉన్నప్పటి సంగతేమో గానీ, గట్టెక్కాక ఉప్పుగాలి దీన్ని ఒక్కరోజు కూడా వదల్దురా. గోకాలి, ప్రైమర్ కొట్టాలి, అప్పుడు రంగు. తుప్పు మీదే రంగేస్తే అది చావదు. లోపలే కూర్చుని తింటుంది."

లోపల గైడు చెబుతున్నాడు. సోవియట్ తయారీ, 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధం చూసింది, 31 ఏళ్ల సర్వీసు తర్వాత 2001లో రిటైరైంది, మరుసటి ఏడే మ్యూజియమైంది.

"నాకంటే ఏడాది ఎక్కువ సర్వీసు," అన్నారు పెదనాన్న, కాస్త ఈర్ష్యగానే.

గుండ్రటి ద్వారాల్లోంచి ఒక్కో కాలూ దూర్చుకుంటూ పడక అరల దగ్గరికి చేరాం. ఓ పైపు కింద శనగగింజంత ఉబ్బు. పెదనాన్న కళ్లు మెరిశాయి. ఆయన చిన్న చాకు పెద్దమ్మ ఎప్పుడో లాక్కుంది. జేబులోంచి ఇంటి తాళంచెవి బయటికొచ్చింది.

కిర్రు... కిర్రు...

"సార్! ఏంటది?"

"తుప్పు బాబూ."

గైడు టార్చి వేశాడు. "తుప్పు కాదు సార్, రంగు కారి గడ్డకట్టింది."

ముప్పై ఏళ్ల అనుభవానికి ఇంత అవమానం ఎన్నడూ జరగలేదు. చెయ్యి గభాలున వెనక్కి దాచుకున్నారు. టింగ్... టంగ్... టప్. ఆ చివరి టప్పు మా కాళ్ల కిందెక్కడి నుంచో వినిపించింది.

"కింద బ్యాటరీల గది," అన్నాడు గైడు. "నీళ్ల కింద నడవాలంటే దీనికి అవే దిక్కు."

"ఇంట్లోకి నడవాలంటే మాకు ఆ చెవే దిక్కు!"

వెతుకుదామంటే వెనక స్కూలు పిల్లల వరస. ఆ నడవలో ఆగడానికి లేదు, వెనక్కి తిరగడానికి అంతకన్నా లేదు. తోసుకుంటూ వాళ్లే మమ్మల్ని బయటికి చేర్చారు. సాయంత్రం మూసేశాక చూస్తానన్నాడు గైడు పాపం.

రెండో చెవి పెద్దమ్మ దగ్గర ఉంది. పెద్దమ్మ శ్రీకాకుళంలో ఉంది.

తాళం పగలగొట్టడానికి నేను రాయి వెతికేలోపు పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క లాగు లాగారు. కడ్డీ విరిగి చేతిలోకి వచ్చేసింది. గుప్పెడు ఎర్రటి పొడి రాలింది.

"చూశావా? లోపలంతా తినేసింది! దీని మీద రంగేసిన దద్దమ్మ ఎవడ్రా?"

నేనేమీ మాట్లాడలేదు. సంక్రాంతికి దానికి వెండిరంగు వేసిన చెయ్యి ఆ కడ్డీని పట్టుకునే ఉంది.

అప్పుడే పెద్దమ్మ ఫోను. "బయటికెళ్లారట కదా, తాళం వేశారా?"

"వేశాంలే," అన్నారు పెదనాన్న, రెండు ముక్కలూ జేబులో వేసుకుంటూ.