సవరణ: పౌనఃపున్యం పెరిగితే ధ్వని వేగం పెరగదు

తరంగాల మీద నిన్నటి పోస్టులో "వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం, కాబట్టి పౌనఃపున్యం పెంచితే వేగం పెరుగుతుంది" అని ఉంది. సూత్రం వరకు ఉంచుకుని, 'కాబట్టి' నుంచి కొట్టేయండి. (పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ సంఖ్య, హెర్ట్జ్‌లలో చెబుతాం; తరంగదైర్ఘ్యం అంటే ఒక పూర్తి తరంగం పొడవు.)

ధ్వని వేగాన్ని నిర్ణయించేది యానకం, అంటే ధ్వని ప్రయాణించే పదార్థం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో అది సెకనుకు సుమారు 343 మీటర్లు. 256 హెర్ట్జ్ శృతిదండం (కొడితే ఒకే పౌనఃపున్యంతో మోగే లోహపు ఫోర్క్) మోగిస్తే తరంగదైర్ఘ్యం 1.34 మీటర్లు, 512 హెర్ట్జ్‌ది మోగిస్తే 0.67. పౌనఃపున్యం రెట్టింపైతే తరంగదైర్ఘ్యం సగమవుతుంది, వేగం మారదు. మారేదే అయితే పెళ్లి మేళంలో దూరంగా కూర్చున్నవాళ్లకు సన్నాయి ముందూ డోలు తర్వాతా వినిపించాలి!

గట్టిగా కొట్టినా అంతే: కంపన పరిమితి (కంపనం ఎంత మేర ఊగుతుందో అది) పెరుగుతుంది, వేగం కాదు.

అదే 256 హెర్ట్జ్ ధ్వని నీటిలోకి వెళ్తే వేగం సెకనుకు దాదాపు 1480 మీటర్లు అవుతుంది, తరంగదైర్ఘ్యం 5.8 మీటర్లకు సాగుతుంది. గాజులో కాంతి సంగతి వేరు, అక్కడ పౌనఃపున్యాన్ని బట్టి వేగం కొద్దిగా మారుతుంది: ఎరుపు కంటే ఊదా కాస్త నెమ్మది.