బూట్ ఫ్లాపీకి బొట్టు పెడితే

కోతల కాలంలో బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల ఏ రైసుమిల్లు కాటా దగ్గర చూసినా వడ్ల లారీలు వరస కట్టి ఉంటాయి. విండోస్ 98 రోజుల్లో సరిగ్గా అట్లాంటి ఒక పొద్దున, ఒక కాటా గదిలోని కంప్యూటర్ నల్లటి తెర మీద ఒక్క వాక్యం రాసి మౌనవ్రతం పట్టింది. 'డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టమ్ డిస్క్ అండ్ ప్రెస్ ఎంటర్.' అందులో గుమాస్తాకి తెలిసిన మాట చివరిదొక్కటే. ఎంటర్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పది లారీలు హారన్లు కొట్టే దాకా కొడుతూనే ఉన్నాడు.

రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది గానీ అందులో బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది, ఇప్పుడది మంచినీళ్ల కూజాకి పీట. పైగా మదర్‌బోర్డు మీద బిళ్ల సెల్లు కూడా అయిపోయింది. సీఆర్ 2032 అంటారు దాన్ని. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. అది పోతే తనకి ఏ హార్డ్ డిస్క్ తగిలించారో, స్విచ్ వేయగానే ముందుగా లేచే బయోస్ ప్రోగ్రాము మర్చిపోతుంది, తేదీ సంగతి సరేసరి. పాత బోర్డులైతే సెటప్‌లోకి పోయి 'ఐడీఈ హెచ్‌డీడీ ఆటో డిటెక్షన్' కొట్టి గుర్తు చేయాల్సిందే.

నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కు ముందు ఆ పనే చేశాడు. డిస్క్ కనిపించింది. కానీ వాక్యం మారిందంతే: 'ఇన్వాలిడ్ సిస్టమ్ డిస్క్.' అంటే డిస్క్ తిరుగుతోంది, పార్టిషనూ ఉంది, విండోస్‌లో మొదట లేవాల్సిన ఐవో.సిస్ ఫైలే దొరకడం లేదు, లేదా పాడైంది. అట్లాంటప్పుడు బయటి నుంచి కంప్యూటరుని లేపేది బూట్ ఫ్లాపీ, లేపే ఫైళ్లుండే చిన్న చదరపు పలక. డిస్క్ లోపల టక్ టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం ఫ్లాపీ పెట్టి ప్రయోజనం లేదు, అది డిస్క్‌ని చదివే హెడ్డు జబ్బు. ఇక్కడ ఆ చప్పుడు లేదు.

"బూట్ ఫ్లాపీ ఉండాదా సామీ?"

"ఉండకుండా ఎట్టబ్బయ్యా? కొన్ననాడు చేయించి బీరువాలో పెట్టినాం," అన్నాడు ఓనరు గర్వంగా.

ఉంది. ఏటా విజయదశమికి కాటా రాళ్లతో పాటు దాన్నీ బయటికి తీసి గంధం, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి మళ్లీ లోపల పెడుతున్నారు. భక్తిలో లోపం లేదు. గంధం ఎండి ఇనప రేకు కిందికి జారింది, అంతే. ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. హార్డ్ డిస్క్‌లో హెడ్డు గాలి పొర మీద తేలుతుంది గానీ ఫ్లాపీలో పళ్లేన్ని ఒరుసుకునే పోతుంది. మధ్యలో కుంకుమ రవ్వ పడితే ఇక గీతే. డ్రైవు తిరగలిలా కర్రుమంది. 'అబార్ట్, రిట్రై, ఫెయిల్?' అని అడిగింది. గుమాస్తా మూడూ వరసగా నొక్కి చూశాడు.

ఇంత జరిగాక అదే డ్రైవులో ఇంకో మంచి ఫ్లాపీ పెట్టారంటే అదీ పోతుంది, హెడ్డుకి అంటిన గంధం దాన్నీ గీస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్డు తుడవాలి. దానికంటే తన డ్రైవే బిగించడం నయమనుకున్నాడు మెకానిక్కు. ఆ రోజుల్లో మెకానిక్కుల సంచిలో ఫ్లాపీ, అది చేసిన డ్రైవు ఎప్పుడూ కలిసే తిరిగేవి. హెడ్డు వెంట్రుకవాసి పక్కకి ఉన్నా ఒక డ్రైవులో రాసింది ఇంకో డ్రైవు చదవదు.

బిగించి స్విచ్ వేయగానే ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆరకుండా వెలుగుతానే ఉంది. ఓనరు కళ్లకద్దుకున్నాడు. మెకానిక్కు తల పట్టుకున్నాడు. ఫ్లాపీ లైటు ఆగకుండా వెలిగిందంటే రిబ్బను కేబులు తిరగబడిందని అర్థం. ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు ఉండాలి. ఊడదీసి తిప్పి పెట్టాడు. కంప్యూటరు ఫ్లాపీ మీద లేచి, ఆజ్ఞ కోసం ఎదురుచూసే ఎ ప్రాంప్ట్ వచ్చింది.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి అల్లుడి ఫోను. "ఫార్మాట్ కొట్టేయమనండి మామా, అదే సరిపోతాది."

సరిపోతుంది నిజమే. 'ఫార్మాట్ సి: /ఎస్' కొడితే డిస్క్ అంతా తుడుచుకుపోయి కంప్యూటరు చక్కగా లేస్తుంది. సీజను లెక్కలే లేవవు. మెకానిక్కు వినిపించుకోకుండా ముందు డేటా మీద పడ్డాడు. చావుకి దగ్గరైన డిస్క్ మీద ముందే తప్పులు వెతికే స్కాన్‌డిస్క్ నడిపేవాళ్లని కాటా ఎక్కించి జరిమానా వేయాలి. ఉన్న కాస్త ప్రాణం దానికే పోతుంది. కాటా ప్రోగ్రాము ఫాక్స్‌ప్రోది, లెక్కలుండే డీబీఎఫ్ ఫైళ్లు మాత్రం చాలు, ఇండెక్సులు మళ్లీ కట్టుకోవచ్చు. 98 ఫ్లాపీ మెమరీలోనే 2 ఎంబీ ర్యామ్ డ్రైవు ఒకటి సృష్టిస్తుంది. ఫైళ్లని నలిపి చిన్నవి చేసే పీకేజిప్‌ని అందులోకి ఎక్కించి, బూట్ ఫ్లాపీ తీసేసి, ఖాళీ ఫ్లాపీ పెట్టాడు. డీబీఎఫ్‌లో సగానికి సగం ఖాళీ జాగాలే కాబట్టి 4 ఎంబీ లెక్కలు నలిగి 1.44 ఎంబీలో ఇమిడిపోయాయి.

అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న మొదటి లారీ డ్రైవరు నోరు విప్పాడు. "అన్నా, ఆ డబ్బాలో ఎర్ర అంకెలు 14,600 అని కనపడతానే ఉండాయి గదా. కాగితం మీద రాసుకోరాదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తూకం చూపించేది ఆ డబ్బా, ఇండికేటరు. కంప్యూటరు సీరియల్ తీగలోంచి ఆ అంకెలు తీసుకుని రసీదు కొడుతుందంతే. రెండు గంటల నుంచి కాటా శుభ్రంగా పనిచేస్తానే ఉంది. గుమాస్తా ఎవరి వైపూ చూడకుండా పెన్సిలు వెతుక్కున్నాడు.

ఈలోగా మెకానిక్కు బూట్ ఫ్లాపీ మళ్లీ పెట్టి, లేపే ఫైళ్లని డిస్క్‌కి ఎక్కించే 'సిస్ సి:' కొట్టగానే 'సిస్టమ్ ట్రాన్స్‌ఫర్డ్' అని వచ్చింది. ఫ్లాపీ వెర్షనూ డిస్క్ వెర్షనూ ఒకటే అయితేనే ఈ మందు వేయాలి. విండోస్‌కి ముందటి డాస్ 6.22 ఫ్లాపీకి, ఫైళ్లని ఫ్యాట్ 32 అనే కొత్త పద్ధతిలో పేర్చిన డిస్క్ అసలు కనిపించదు, కనిపించే పాత పద్ధతి ఫ్యాట్ 16 మీద వేస్తే ఉన్న విండోస్ కూడా లేవదు. ఇక్కడ రెండూ 98. ఫ్లాపీ తీసి మళ్లీ ఆన్ చేస్తే మేఘాల బొమ్మ వచ్చింది. బయట డ్రైవర్లు ఈల వేశారు.

"డిస్క్ మార్చాల సామీ. బ్యాడ్ సెక్టార్లు మొదలైనాయి, నెల్లాళ్లు గూడా ఉండదు. ఆ సెల్లు గూడా."

"పన్జేస్తా ఉండాది గదబ్బయ్యా, ఇప్పుడెందుకు? కోతలు అయినాక చూద్దాం."

లారీ వడ్లు దించి ఖాళీగా కాటా ఎక్కింది. 6,100. ప్రింటరు కీచుమంటూ రసీదు కొట్టింది. నికరం 8,500 కిలోలు. పుట్టికి 850 లెక్కన సరిగ్గా పది పుట్లు. డ్రైవరు కాగితాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుని చదివాడు.

"తూకం సరిపొయ్యింది గానీ అన్నా, తారీకేంది 01-01-1980 అని ఉండాది? అప్పటికి మా నాయనకి పెళ్లే కాలా."