స్విచ్ వేయకూడని దీపం

కోపెన్‌హాగెన్‌లో కాపురముంటున్న మా మిత్రుడొకడు ఈమధ్య పాత దీపం ఒకటి కొన్నాడు. కొన్నాడంటే వాడికి కోపం, ‘సంపాదించాడు’ అనాలి. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో గీసిన పీహెచ్ 5 అనే వేలాడే దీపం. పెద్ద షేడ్ వ్యాసం 50 సెంటీమీటర్లు కాబట్టి ఆ 5. దర్శనానికి భోజనం కూడా కలిపి పిలిస్తే వెళ్లాను.

డిసెంబరు. మూడున్నరకే పొద్దుగూకే ఊరు. బల్ల మీద దీపం వేలాడుతోంది, బల్ల చుట్టూ ఆరుగురం, అంతా చీకటి. పాపం మరిచిపోయారేమోనని స్విచ్ మీద చెయ్యి వేశాను.

“ఆగు గురూ! అది ఒరిజినల్ పెయింటు. వేడికి మాడితే రేటు సగానికి పడిపోద్ది!”

పోనీ ఇంకో దీపం పెట్టరాదా అంటే, దీని అందం చెడుతుందట. చివరికి సెల్‌ఫోన్ టార్చి మంచినీళ్ల గ్లాసుకి ఆనించారు. అది తిన్నగా నా కళ్లలోకి. ఆ వెలుగులో పులుసులో ములక్కాడ ముక్క అనుకుని ఒకటి కొరికాను. “అన్నయ్యా, అది...” అని వాళ్లావిడ అనేలోపే ఎండుమిరపకాయ నమిలేశాను. నా కళ్ల నీళ్లు చూసి డిజైన్‌కి చలించిపోయాననుకున్నాడు మావాడు. ఫోను తీసి షేడ్ అంచు చూపించాడు. “ఈ సొట్ట చూశావా? అప్పటిది. కొత్త సొట్టలకి విలువ లేదు.” మా అమ్మయితే ఆ సొట్ట చూసి దాన్ని పాతసామాన్లవాడికి వేసి రెండు కిలోల ఉల్లిపాయలు తీసుకునేది.

ఇలాంటివాళ్లు మీకూ తెలుసు, వాళ్ల సంగతి వదిలేద్దాం. హెన్నింగ్‌సెన్ ఏం చేశాడో చూడండి. కిరసనాయిలు దీపం మెత్తని వెలుగులో పెరిగిన మనిషికి కరెంటు బల్బు కళ్లలో పొడిచినట్టుండేది. అందుకే 1920ల్లోనే మూడు షేడ్లు ఒకదాని కింద ఒకటి పేర్చి, బల్బు కంటపడకుండా వెలుగు మాత్రమే కిందికి దిగేలా లెక్కలు కట్టాడు. బల్బుల కంపెనీలు చెప్పాపెట్టకుండా ఆకారాలు మారుస్తుంటే విసుగెత్తి, ఏ బల్బు పెట్టినా పనిచేసేలా ఈ పీహెచ్ 5 చేశాడు. లోపల ఎరుపూ నీలం పూత వేసింది సోకుకి కాదు, వెలుగు రంగు సరిచేయడానికి. బల్లకి 60 సెంటీమీటర్ల ఎత్తున కట్టుకోమన్నది ఎదుటివాడి మొహమూ, పళ్లెంలో కూడూ కనబడాలనే కదా! 1926 నుంచి 1928 దాకా పత్రిక నడిపి డాబుసరి వస్తువుల్ని చీల్చి చెండాడినవాడు ఆయన. మామూలు మనిషి ఇంట్లో మంచి వెలుగుండాలని జీవితమంతా పోరాడితే, ఆయన దీపాన్నే ఆర్పేసి, దానికి వారసత్వమని పేరెట్టి, సొట్టలు లెక్కపెట్టుకుంటారా? సిగ్గులేకపోతే సరి! వెలగని దీపానికి, బోర్లించిన బేసినుకి తేడా ఏముంది?

పెరుగన్నం దాకా వచ్చేసరికి వాళ్ల చిన్నాడు కుర్చీ ఎక్కి టప్పున స్విచ్ వేసేశాడు. బల్లంతా తేనె రంగు వెలుగు. ఎవరి కళ్లలోనూ పడలేదు. మావాడు “ఒరేయ్!” అంటూ ఉరికి ఆర్పేలోపు నాలుగు సెకన్లు దొరికాయి.

నా కంచంలో ఇంకా రెండు మిరపకాయలున్నాయి. తీసి పక్కన పెట్టుకున్నాను.