రూమ్ ఐడీ పది నిమిషాలు లేటైతే తిట్లు

గోదావరి జిల్లాల వాళ్లకి వెటకారం పుట్టుకతో వస్తుందంటారు, కాదనను. పెళ్లిలో పూతరేకు మూడోసారి వేయించుకుంటూ "పంచదార కాస్త ఎక్కువైనట్టుందండి" అనే మనిషి మా కోనసీమలో వీధికొకడు ఉంటాడు. కాకపోతే ఆ మాట చివర ఒక 'అండి' ఉంటుంది, పైగా అన్నవాడు మర్నాడు అదే వంటాయనకి కాలువ గట్టు మీద ఎదురుపడాలి. గేమింగ్ గ్రూపుల్లో ఈ రెండూ లేవు.

అమలాపురం దగ్గర మొబైల్ రిపేర్ షాపు నడిపే తమ్ముడొకడు నాకు తెలుసు. బీజీఎంఐ (పబ్‌జీకి ఇండియా రూపమైన మొబైల్ ఆట) ఆడే కుర్రాళ్ల కోసం రోజూ రాత్రి పదింటికి కస్టమ్ రూమ్, అంటే ఐడీ, పాస్‌వర్డ్ ఉన్నవాళ్లే చేరే మ్యాచ్, పెట్టేవాడు. దానికి కావాల్సిన రూమ్ కార్డు తన డబ్బుతోనే. స్లాట్లు రాసుకోవడం, ఐడీ, పాస్‌వర్డ్ పంపడం, ఎవడో హ్యాక్ వాడాడని గొడవొస్తే స్క్రీన్ రికార్డింగులు చూసి అర్ధరాత్రి తీర్పు చెప్పడం, అన్నీ ఊరికే. మొదటి నెల 'థాంక్యూ అన్నా' అన్నారు. మూడో నెలకి ఐడీ పది నిమిషాలు ఆలస్యమైతే "చేతకాకపోతే అడ్మిన్ ఇంకెవరికైనా ఇచ్చెయ్" అన్నారు. కరెంటు పోయి రూమ్ పెట్టలేకపోయిన రాత్రి వాళ్లమ్మని కూడా మాటల్లోకి లాగారు. 2022 జులై 28న ఆ ఆటని యాప్ స్టోర్లలోంచి తీసేస్తే, "ముందే చెప్పొచ్చుగా" అని ఇతన్నే నిలదీశారు, కేంద్ర ప్రభుత్వం ఈ షాపుకే కబురు పెట్టి చేసినట్టు! 2023 మేలో ఆట తిరిగొచ్చింది. ఇతను మళ్లీ రూమ్ పెట్టలేదు.

ఊరికే వచ్చేది నాలుగు రోజులు వరసగా వస్తే హక్కైపోతుంది, అది పాత సంగతే. గేముల్లో దానికి తోడు ఇంకోటుంది: పెట్టిన డబ్బు కన్నా పెట్టిన టైమ్ ఎక్కువ అధికారం ఇస్తుందని అనుకోవడం. "మూడేళ్లుగా ఆడుతున్నా, నా మాట వినరా?" అంటాడు. ఆ మూడేళ్లు ఆడింది తన సరదాకి, బాకీ మాత్రం ఎదుటివాడి ఖాతాలో రాస్తాడు. కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే, 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. అది వాడుకోకుండా వందల గంటలు ఆడేసి 'చెత్త' అని రివ్యూ రాసేవాళ్లున్నారు. నేనూ ఒకసారి రాశాను, ఒప్పుకోవాలి.

అలాగని కోపమంతా తప్పని కాదు. 2016లో నో మ్యాన్స్ స్కై అనే ఆట విడుదల జూన్ నుంచి ఆగస్టుకి వాయిదా పడితే దాని రూపకర్త షాన్ ముర్రేకి చంపుతామని బెదిరింపులొచ్చాయి, వాయిదా కబురు ముందుగా రాసిన విలేకరికీ వచ్చాయి. ఇంకా ఎవరి చేతికీ రాని ఆట గురించి ఇదంతా. తీరా వచ్చాక అందులో చెప్పినవి చాలా లేవు, అప్పుడు డబ్బు పెట్టి కొన్నవాళ్లు అడగడం న్యాయమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చుకుంటూ వాళ్లు పేరు నిలబెట్టుకున్నారు.

2024 మేలో హెల్‌డైవర్స్ 2 అనే ఆట సంగతి ఇంకా స్పష్టం. ఆట కొన్న నెలల తర్వాత తన గేమింగ్ సర్వీసైన ప్లేస్టేషన్ అకౌంట్ కలపాల్సిందేనని, దాన్ని విడుదల చేసిన సోనీ అంది. ఆ సర్వీసే లేని దేశాల వాళ్లు ఏం చేయాలి? రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఒకటే డిమాండు, అది తీర్చగలిగినవాడి మీదే ఒత్తిడి.

శివారు ఆయకట్టులో చేను ఎండుతున్న రైతుకి కోపం రాకపోతే ఆశ్చర్యం. కానీ ఆ కోపంతో లాకుల దగ్గరికెళ్లి, కాలువ తలుపులు తిప్పే లస్కర్‌ని కొడితే నీళ్లు రావు, తలుపులు ఎప్పుడెత్తాలో అతను నిర్ణయించడు. గేమ్ కంపెనీల్లో ఆటగాళ్లతో మాట్లాడే కమ్యూనిటీ మేనేజర్లది లస్కర్ పనే, మా తమ్ముడికైతే ఆ జీతం కూడా లేదు.

మొన్న అతని షాపుకి ఒక కుర్రాడు చార్జింగ్ పోర్టు మార్పించుకోవడానికి వచ్చాడట. ఫోన్ ఆన్ చేసి చూస్తే, ఆ రాత్రి ఇతని వాళ్లమ్మని తిట్టిన గేమ్ ఐడీ అదే. ఆ కుర్రాడికి ఇతనెవరో తెలియదు. "అన్నా, ఒక యాభై తగ్గించండి" అన్నాడట, 'అండి' పెట్టి మరీ. తగ్గించాడట.