ఈ నియమాలు ఇంటివారికి వర్తించవు

యాపిల్ సంస్థ 2020 నవంబర్ 12న విడుదల చేసిన మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ మీద అప్పట్లో వెలువడిన విమర్శల్లో చాలామటుకు అన్యాయమైనవని నా నిశ్చితాభిప్రాయం. నెట్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌ల కంట పడకుండా బయటికి వెళ్లివచ్చే వీలున్న యాపిల్ సొంత ప్రోగ్రాముల పట్టిక ఒకటి, 50కి పైగా పేర్లతో, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కడుపులో బయటపడింది. భద్రతా నిపుణులు దాన్ని లోపమన్నారు, కొందరు ఇంకాస్త ముందుకు వెళ్లి నమ్మకద్రోహమన్నారు. నేను మాత్రం దాన్ని మర్యాద అంటాను. పెద్దింటి మనుషులను గుమ్మం దగ్గర నిలబెట్టి పేరూ ఊరూ అడగకూడదన్న లోకరీతిని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చినందుకు మెచ్చుకోవలసింది పోయి, నలుగురూ కలిసి నానా మాటలూ అని, మూడు నెలలు తిరక్కుండానే ఆ పట్టికను తీయించేశారు. దాని తరఫున మాట్లాడేవారు ఒక్కరూ లేకపోయారు కనుక ఆ బాధ్యతను నేను తీసుకుంటున్నాను.

మ్యాక్‌తో పాటు వచ్చే ఫైర్‌వాల్ బయటినుంచి లోపలికి వచ్చే కనెక్షన్లకే కాపలా కాస్తుంది. లోపలున్న యాప్ బయటికి ఏమి మోసుకుపోతోందన్నది దానికి పట్టదు. ఆ లోటు తీర్చడానికి లిటిల్ స్నిచ్, లులు వంటి యాప్‌లు ఉన్నాయి. మొదటిది వియన్నాలోని ఒక కంపెనీ అమ్మేది, రెండోది ఉచితంగా దొరికేది. వీటిని వేసుకున్నాక ఏ యాప్ అయినా నెట్‌లోకి అడుగు పెట్టబోయేసరికి తెర మీద చిన్న పెట్టె ఒకటి ప్రత్యక్షమవుతుంది: ఫలానా యాప్ ఫలానా సర్వర్‌కు 443 పోర్టు గుండా కనెక్ట్ కావాలంటోంది, అనుమతిస్తారా, నిరాకరిస్తారా, ఈ ఒక్కసారికా, ఎప్పటికీనా? ఈ ప్రశ్నకు పొద్దస్తమానం జవాబు చెప్పడానికి డబ్బిచ్చి మరీ సిద్ధపడేవారు స్వభావరీత్యా అనుమానపు మనుషులు. నోట్స్ రాసుకునే యాప్‌కు అర్ధరాత్రి వేళ ఎక్కడో ఉన్న సర్వర్‌తో ఏం పని అని అడిగే రకం. ఇలా అడిగేవారిని ప్రభుత్వాలే భరించలేకపోతుంటే, పాపం ఒక కంపెనీ ఎందుకు భరించాలి?

ఇదివరకు ఈ ఫైర్‌వాల్‌లు కెర్నల్ ఎక్స్‌టెన్షన్ల రూపంలో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కూర్చుని పనిచేసేవి. అక్కడినుంచి చూస్తే అంతా కనిపిస్తుంది. కానీ అక్కడ ఏ చిన్న తప్పు జరిగినా సిస్టమ్ మొత్తం కుప్పకూలుతుంది. ఈ ప్రమాదం నిజమైనదే, దాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. అందుకే యాపిల్ 2019లో, బిగ్ సర్‌కు ముందు వెర్షన్ అయిన క్యాటలీనా నాటినుంచి, ఇక మీదట ఎవరూ కెర్నల్ జోలికి రావద్దని, తాను తయారుచేసి ఇచ్చిన నెట్‌వర్క్ ఎక్స్‌టెన్షన్ ఫ్రేమ్‌వర్క్ ద్వారానే పని చేసుకోవాలని డెవలపర్లకు చెబుతూ వచ్చింది. ఈ పద్ధతిలో ట్రాఫిక్‌ను సిస్టమే తెచ్చి ఫైర్‌వాల్‌కు చూపిస్తుంది, ఫైర్‌వాల్ సరేనంటే వదులుతుంది, కాదంటే ఆపుతుంది. ఎంతో సక్రమంగా కనబడే ఈ ఏర్పాటులో పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది: ఏ ట్రాఫిక్‌ను చూపించాలో, దేన్ని చూపించనక్కర్లేదో నిర్ణయించేది తెచ్చేవాడే.

చూపించనక్కర్లేని వారి పట్టిక పేరు కంటెంట్ ఫిల్టర్ ఎక్స్‌క్లూజన్ లిస్ట్. దీన్ని యాపిల్ రహస్యంగా దాచిందన్న ఆరోపణలో పసలేదు. సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, అందులో లైబ్రరీ, అందులో ఫ్రేమ్‌వర్క్స్, అందులో నెట్‌వర్క్ ఎక్స్‌టెన్షన్, ఆ లోపల వెర్షన్స్, కరెంట్, రిసోర్సెస్ అన్నీ దాటుకుంటూ పోతే ఇన్ఫో డాట్ పీలిస్ట్ అనే ఫైలు తగులుతుంది. దాన్ని తెరిచి ఓపికగా చదివితే పేర్లన్నీ వరుసగా కనిపించేవి. యాప్ స్టోర్, మ్యాప్స్ వంటి మనకు తెలిసిన ముఖాలూ, తెర వెనక పనిచేసే ట్రస్ట్‌డీ వంటి తెలియని ముఖాలూ అందులో ఉండేవి. ఇంత బాహాటంగా పెట్టినదాన్ని దాచారనడం ఏం న్యాయం? పైగా బిగ్ సర్‌లో సిస్టమ్ వాల్యూమ్ మొత్తానికి క్రిప్టోగ్రాఫిక్ సంతకంతో సీలు వేశారు. మాల్‌వేర్ సిస్టమ్ ఫైళ్లలో వేలు పెట్టకుండా చేసిన ఏర్పాటది, మంచిదే. దానివల్ల మ్యాక్ కొనుక్కున్నవాడు తన మ్యాక్‌లోని మినహాయింపుల పట్టికను ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు గానీ మామూలు మార్గంలో అందులోంచి ఒక్క పేరు కూడా కొట్టివేయలేడు. మినహాయింపు అంటే అలా రాజముద్రతో ఉండాలి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్ ప్లాజా దగ్గర ఆగినవారికి ఈ సంప్రదాయాన్ని కొత్తగా వివరించనక్కర్లేదు. జాతీయ రహదారుల రుసుము గురించిన 2008 నాటి నియమాల ప్రకారం రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు మొదలుకొని కొందరి వాహనాలకు టోల్ లేదు. ఆ వివరాలను బోర్డు మీద రాసి పెడతారు. ముందున్న కారు ఫాస్టాగ్ రీడ్ కాక, వెనక హారన్ల మోత భరించలేక, సంక్రాంతి రద్దీలో ఇరుక్కున్న సామాన్యుడు ఆ బోర్డును పైనుంచి కిందిదాకా చదివి తన పేరు లేదని రూఢి చేసుకుంటాడు. యాపిల్ మనవాళ్ల దగ్గర నేర్చుకోవలసి ఉండి నేర్చుకోనిది ఆ బోర్డు ఒక్కటే. మిగతా విషయాల్లో మనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. ఎందుకంటే గవర్నర్ గారి కారు డబ్బు కట్టకపోయినా గేటు ముందునుంచే వెళుతుంది, సిబ్బంది చూస్తారు, కెమెరాలో పడుతుంది. బిగ్ సర్‌లో మినహాయింపు ఉన్న యాప్ అసలు గేటు వైపే రాదు.

ఈ చివరి సంగతిని విమర్శకులు కూడా తగినంతగా ఆస్వాదించలేదని నాకు అనిపిస్తుంది. లులులో అన్నిటినీ ఆపెయ్ అని పెట్టుకున్నారనుకుందాం. అది తన ముందుకు వచ్చినవాటన్నిటినీ ఆపి, అన్నిటినీ ఆపానని చెబుతుంది. లాగ్ తిరగేస్తే అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. నియమాల్లో తప్పు లేదు, వాటిని అమలు చేసే కోడ్‌లో తప్పు లేదు, వాడేవాడు ఏ బటనూ తప్పుగా నొక్కలేదు. అయినా యాప్ స్టోర్ తన దారిన తాను బయటికి వెళ్లి వస్తూనే ఉంటుంది. ఫైర్‌వాల్ అసలు లేనివాడికి కనీసం తనకు రక్షణ లేదన్న దిగులైనా ఉంటుంది. బిగ్ సర్ వాడేవారికి ఆ దిగులు కూడా లేకుండా చేసిన ఘనత ఈ పట్టికది. అది చాలదన్నట్టు కొన్ని రకాల వీపీఎన్ యాప్‌ల విషయంలోనూ ఇదే వెసులుబాటు పనిచేసింది.

ఇక ట్రస్ట్‌డీ గురించి. బిగ్ సర్ విడుదలైన రోజునే యాపిల్ సర్వర్లు మొరాయించాయి, దాంతో పాత వెర్షన్ల మీదున్న మ్యాక్‌లలో సైతం యాప్‌లు తెరుచుకోవడం మానేశాయి. మనం యాప్ తెరిచేటప్పుడు, దాన్ని తయారుచేసిన డెవలపర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా, రద్దయిందా అని ట్రస్ట్‌డీ యాపిల్ సర్వర్‌ను అడుగుతుంది. నెట్ పూర్తిగా లేకపోతే అది పెద్దమనసుతో సరేలే అని యాప్‌ను తెరవనిస్తుంది. సర్వర్ ఉండీ పలకకపోతే మాత్రం జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. కాబట్టి వేల రూపాయల బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారి పని ఆగిపోయింది, వైఫై ఆపేసుకున్నవారి పని సాఫీగా సాగిపోయింది. పాత వెర్షన్లో లిటిల్ స్నిచ్ ఉన్నవారు ట్రస్ట్‌డీని నిరాకరించి బయటపడ్డారు. బిగ్ సర్‌కు మారిన ఉత్సాహవంతులు మాత్రం తమ లిటిల్ స్నిచ్‌లో దాన్ని ఆపలేకపోయారు, ఎందుకంటే పట్టికలో దాని పేరుంది. ఆ విచారణ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళుతోందని కూడా అప్పుడే అందరికీ తెలిసింది. అందులో ఉండేది యాప్ పేరు కాదు, డెవలపర్ సర్టిఫికెట్ వివరమే. ఆ మాట యాపిల్ తరఫున చెప్పి తీరాలి. ఒకే ఒక్క యాప్ తయారుచేసే డెవలపర్ల విషయంలో ఈ రెంటికీ తేడా ఏమిటని మాత్రం నన్ను అడగవద్దు. ఐపీ చిరునామాలు నమోదు చేయడం మానేస్తామని, ఈ విచారణకు ఎన్‌క్రిప్షన్ పెడతామని, వద్దనుకునేవారికి మానుకునే వీలు కల్పిస్తామని యాపిల్ వెంటనే హామీలిచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ లులును తయారుచేసిన ప్యాట్రిక్ వార్డిల్ అనే పెద్దమనిషి, ఒకప్పుడు అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో పనిచేసినవాడు, ఈ మినహాయింపు ఇంటివారికి మాత్రమే ఉపయోగపడుతుందా, బయటివారికీ పనికొస్తుందా అని పరీక్షించాడు. లులు, లిటిల్ స్నిచ్ రెండింటిలోనూ మొత్తం ట్రాఫిక్‌ను ఆపేలా పెట్టి, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో పట్టికలో ఉన్న ఒక యాపిల్ యాప్‌ను ఆసరా చేసుకుని, తాను పెట్టుకున్న సర్వర్‌కు డేటా పంపించాడు. రెండు ఫైర్‌వాల్‌లూ కిమ్మనలేదు. గవర్నర్ గారి కాన్వాయ్ వెనకాలే హెడ్‌లైట్లు వేసుకుని దూరిపోయే తెల్ల కారును చూసినవారికి ఈ పద్ధతి అర్థమవుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటివాడు కూడా కానక్కర్లేదు, ఇంటివాడి చొక్కా వేసుకుంటే చాలు. వార్డిల్ చేసిన పని నాకు నచ్చలేదు. మినహాయింపును తమ మనుషులే వాడుకుంటారన్న నమ్మకం మీదనే ప్రపంచంలోని మినహాయింపులన్నీ నడుస్తున్నాయి. ఆ నమ్మకాన్ని స్క్రిప్టులు రాసి పరీక్షించడం మొదలుపెడితే ఇక ఏ కాన్వాయ్ కదులుతుంది?

ఆ తర్వాత వార్డిల్ విలేకరులకు చెప్పినదాని ప్రకారం, పట్టిక తాత్కాలికమేనని, పాత కెర్నల్ పద్ధతి నుంచి కొత్త ఫ్రేమ్‌వర్క్‌కు మారేటప్పుడు తలెత్తిన బగ్‌ల వల్ల దాన్ని పెట్టవలసి వచ్చిందని యాపిల్ వారు ఆయనకు వివరించారు. ఈ వివరణను నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కొత్త పద్ధతిలో సొంత యాప్‌లకు ఇబ్బంది వచ్చింది. ఆ పద్ధతిని మిగతావారందరికీ తప్పనిసరి చేసి, సొంత యాప్‌లను దాని పరిధిలోంచి తప్పించారు. అదే ఇబ్బంది బయటి డెవలపర్‌కు వస్తే డాక్యుమెంటేషన్ చదువుకోమంటారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

2021 జనవరిలో వచ్చిన బిగ్ సర్ 11.2 బీటాలో, అంటే పరీక్ష కోసం ముందుగా వదిలిన వెర్షన్లో, ఆ పట్టిక మాయమైంది, ఫిబ్రవరి 1న విడుదలైన అసలు వెర్షన్లోనూ తిరిగి రాలేదు. అప్పటినుంచి యాప్ స్టోర్ అంతటిది కూడా లులు ముందుకు వచ్చి అనుమతి కోరవలసి వస్తోంది. దీనివల్ల లాభం ఎంత ఉందో చెప్పలేను గానీ, నష్టం మాత్రం కళ్లారా చూస్తున్నాం. అనుమానపు మనుషులు ఉత్సాహం కొద్దీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను సైతం ఎప్పటికీ నిరాకరించు అని నొక్కి, నెలల తరబడి అప్‌డేట్ రావడం లేదని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు. మీరేమైనా ఆపారా అని అడిగితే, అబ్బే, మేమేమీ ముట్టుకోలేదండీ అంటారు. ఇలాంటివారి క్షేమం కోసమైనా పట్టికను పునరుద్ధరించాలని యాపిల్‌కు ఎవరైనా ఆన్‌లైన్ వినతిపత్రం పెడితే మొదటి సంతకం నాదే. ఒక్కటే షరతు: నా సంతకం ఏ సర్వర్‌కు వెళుతోందో ముందుగా లులులో నాకు కనిపించాలి.