మందు పేరిట విషం

పత్తి చేలో రైతు కొట్టేది మందు. బెల్టు షాపులో దొరికేది మందు. డాక్టరు చీటీ రాస్తే తెచ్చుకునేదీ మందే. ‘ఫలానా ఆయన మందు తాగాడట’ అని ఎవరైనా అంటే చెప్పేవారి ముఖం చూసి అర్థం చేసుకోవాలి. అర్ధరాత్రి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యుడికి ఆ వెసులుబాటు లేదు. ఏ మందు, ఎప్పుడు, సీసా ఏది అని అడిగేసరికే విలువైన నిమిషాలు పోతాయి.

అలాగని ‘విషం’ అనే మాటకు మన దగ్గర కరవేమీ లేదు. ప్రత్యర్థి ఎప్పుడూ విషం కక్కుతాడు. పక్క పార్టీది విషప్రచారం, అప్పులది విషవలయం. వానలు పడగానే పల్లెల్లో ‘విషజ్వరాలు’. ఈ చివరి మాట పత్రికల పుణ్యమే, అందులో మా వాటా మాకుంది. డెంగీ వైరస్ వల్ల, మలేరియా పరాన్నజీవి వల్ల, టైఫాయిడ్ బ్యాక్టీరియా వల్ల వస్తాయి. మూడింటికీ పరీక్షలు వేరు, చికిత్సలు వేరు. అన్నిటినీ ఒకే మూట కట్టేస్తే, ముందు దోమల సంగతి చూడాలో మంచినీటి పైపు బాగుచేయాలో పంచాయతీకి తెలిసేదెలా? తీరా 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోతే శీర్షికలకెక్కింది ‘వింత వ్యాధి’. రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ ఆ తర్వాత తేల్చింది. విషం లేనిచోట ఆ మాట వాడాం, అనుమానించాల్సిన చోట మరిచిపోయాం. (అన్నట్టు, ‘పరిస్థితి విషమం’ అన్నప్పుడు అందులో విషం లేదు. సమం కానిది విషమం.)

చట్టం మాత్రం ఈ విషయంలో మనకన్నా నిక్కచ్చిగా ఉంది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయాకే 1968 నాటి పురుగుమందుల చట్టానికి బీజం పడింది. 1971 నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన చతురస్రం ఉండాలి. దాని కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ప్రయోగశాలలో ఎలుకలకు తినిపించినప్పుడు వాటిలో సగం చనిపోయే మోతాదు, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే ఎరుపు. 500 దాకా పసుపు, 5,000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. ఎరుపు, పసుపు డబ్బాల మీద ‘విషం’ అనే మాట ఎర్రటి అక్షరాల్లో ఉండి తీరాలి. ఎరుపుకైతే పుర్రె, ఎముకల బొమ్మ అదనం. నీలానికి ‘ప్రమాదం’, ఆకుపచ్చకు ‘జాగ్రత్త’తో సరిపెట్టారు.

చిక్కు ఇక్కడే. ఆ గుర్తు లేబుల్ ముఖభాగంలో పదహారో వంతు ఉంటే చాలు. చిన్న సీసా మీద అది బొటనవేలి గోరంత అవుతుంది. పైగా ఆ రంగులు చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందన్నదే. ఇరవై ఏళ్లు వీపున పంపు మోసి, మూత కారి చొక్కా తడిసి, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదిన కూలీ సంగతి వాటికి పట్టదు. ఆకుపచ్చ అంటే క్షేమం అనుకునేవారే ఎక్కువ. దాని అర్థం తక్కువ విషం అని మాత్రమే. పిచికారీ కన్నా చిక్కటి మందును నీళ్లలో కలిపే వేళే ముప్పు ఎక్కువ. చేతికి తొడుగులు లేకుండా కలిపేదీ అప్పుడే.

ఇంటికి చేరాక ఆ విషానికి పేరు కూడా పోతుంది. మిగిలిన పావు లీటరును కూల్‌డ్రింక్ సీసాలో పోసి అటకమీద పెడతారు. ఖాళీ డబ్బా నూనెకో పప్పుకో పనికొస్తుంది. 2013 జులైలో బిహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడగాలి, ఆ నీళ్లు పంపులోనే పోయాలి, డబ్బాకు చిల్లులు పొడవాలి. చిల్లుపడ్డ డబ్బాలో ఎవరూ నూనె పోయరు.

ఎవరైనా పురుగుమందు తాగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పోసి కక్కించడం మన ఊళ్లలో పాత అలవాటు. చాలా పురుగుమందులను పెట్రోలియం ద్రావకంలో కలిపి అమ్ముతారు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి జారితే రెండో గండం. అందుకే కక్కించకూడదు. తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సీసాతో సహా ఆసుపత్రికి చేర్చాలి. నోట చొంగ, కన్నీళ్లు, గుండుసూది మొనంత కంటిపాపలు ఉంటే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అని వైద్యులు అనుమానిస్తారు, ఊపిరితిత్తులు తేటపడేదాకా విరుగుడైన అట్రోపిన్ మోతాదు పెంచుతూ పోతారు. పారాక్వాట్ అనే కలుపుమందుకు ఈ వైద్యం పనికిరాదు. దానితో మొదటిరోజు మనిషి చాలాసార్లు లేచి తిరుగుతాడు. బాగానే ఉన్నాడని ఇంటికి తీసుకుపోతారు. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినడం ఆ తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. అందుకే సీసా ముఖ్యం. మనసు కుంగి ఆ సీసా వైపు చూసేవారికి, వారి ఇంటివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడేవారు ఉంటారు.

లేబుల్ మీద ‘విషం’ అనే మాట తెలుగులో, కంపెనీ పేరంత పెద్దగా ఉండాలని వ్యవసాయ శాఖ కేంద్రాన్ని అడగాలి. దుకాణం బిల్లులో మందు పేరు పక్కన దాని రంగు రాయించడానికి రాష్ట్రం చొరవ చూపితే చాలు. ఇక ‘విషజ్వరాలు’ అనే శీర్షిక విషయానికొస్తే, అది సరిచేయాల్సింది మా డెస్కులోనే.